ముప్పై ఒకటో తలుపు

అమ్మమ్మ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే ఇంట్లో అందరూ నీళ్లు నమిలేవాళ్లు. అరవై ఆరేళ్ల మనిషి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, రోజూ ఠంచనుగా తొమ్మిదింటికి ఆఫీసుకెళ్లి సాయంత్రం దాకా వీడియో గేములు ఆడుతుందంటే ఎవరు నమ్ముతారు? "ఆడటం కాదు, పరీక్షించడం" అని ఆవిడ దిద్దేది. ఆ దిద్దుబాటు వినీ వినీ మనవల చెవులు చిల్లులు పడ్డాయి.

ఆఫీసులో ఆవిడ పేరు ‘మళ్ళీ మేడమ్’. ఎవరేం చూపించినా "ఏదీ, మళ్ళీ" అనేది. ఆటలో ఒక తలుపుందంటే దాన్ని వరసగా నూరుసార్లు తెరిచి చూడాలి. తొంభై తొమ్మిదోసారి మొరాయించినా సరే, నోటుబుక్కులో పెన్సిలు గీతలన్నీ చెరిపేసి ఒకటి నుంచి మొదలు. తెర మీద జిడ్డు మరకలు పడకూడదని ప్రతి విడతకూ ముందు చేతులకు పౌడరు రాసుకుని, పొడిగుడ్డతో వేళ్లు తుడుచుకునేది. చేతులు బీటలు వారుతున్నాయని కూతురు క్రీము కొనిస్తే, దాని మూత కూడా తియ్యలేదు.

ఈ చాదస్తానికి మూలం తమ్ముడు. ముప్పై ఏళ్ల కిందట అతను ఒక్కడే కూర్చుని ‘నలభై తలుపుల మేడ’ అనే కంప్యూటర్ ఆట తయారుచేశాడు. చీకటి మేడలో తలుపులు తెరుచుకుంటూ, గదికొక దీపం వెలిగించుకుంటూ డాబా మీదికి చేరాలి. అక్క ఓ పదిసార్లు ఆడి, "బ్రహ్మాండంగా ఉందిరా" అంది. నిండు హాల్లో నలుగురి ముందూ చూపించబోతే మూడో తలుపు దగ్గరే ఆట బిగుసుకుపోయింది. జనం గొల్లుమన్నారు. తమ్ముడు అక్కను పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆవిడకు ముల్లయి దిగింది. తప్పున్న వస్తువును మళ్లీ వాడి చేతిలో పెట్టనని ఆరోజే ఒట్టు పెట్టుకుంది.

ఇన్నాళ్లకు ఆ పాత ఆటను టాబ్లెట్లకు మార్చే పని వాళ్ల ఆఫీసుకే వచ్చింది. అప్పటికి తమ్ముడు మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. కూర్చుంటే ఆయాసం, కీబోర్డు ముందుకు రాలేడు. టాబ్లెట్ అయితే పడుకునే ఆడుకోవచ్చు. అది తయారుచేసి వాడి గుండెల మీద పెట్టాలని అమ్మమ్మ ఆశ. డాక్టరు నెలల లెక్క చెప్పాడు, అదీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

మార్చడమంటే మాటలు కాదు. బాణం గుర్తులు తెర మీదే గీస్తే బొటనవేలి కింద దీపం కనబడకుండా పోయింది. కొత్త తెర పొడుగు కాబట్టి బొమ్మకు రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగిలాయి. అక్షరాలు చీమతలకాయలు. అమ్మమ్మ ఒక్కొక్కటే ఫిర్యాదు రాసేది, ప్రోగ్రామర్లకు పెద్దగా ఉండే లీడ్ అమ్మాయి ఒక్కొక్కటే సరిచేసేది. నలభై దాటిన బట్టతల మగవాళ్లను కూడా హడలెత్తించే ఆ లీడ్, అమ్మమ్మ ముందు మాత్రం పిల్లిలా ఉండేది. అలా ఒక్కటి తప్ప తలుపులన్నీ గట్టెక్కాయి.

ముప్పై ఒకటోది వేరే రకం. దాని గడియ మీద వేలు ఆనించి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఎత్తకూడదు. అప్పుడు తాళం మెల్లగా తిరుగుతుంది. అమ్మమ్మకు ఇరవైసార్లు తిరిగేది, ఇరవై ఒకటోసారి మధ్యలో ఆగిపోయేది. ఒక్కోసారి డెబ్భై దాటాక.

"నాకు తెరుచుకుంటోందే మేడమ్" అంది లీడ్.

"నీకెన్నిసార్లు?"

"పది."

"పదా! ఏదీ, మళ్ళీ."

లీడ్ మూడుసార్లు ప్రోగ్రాము తిరగరాసింది. మూడు వారాలు గడిచాయి. ఎప్పుడైనా ఓ ఆదివారం తమ్ముడింటికెళ్లే మనిషి, ఆ మూడు ఆదివారాలూ ఆఫీసు టాబ్లెట్ ఇంటికి తెచ్చుకుని గీతలు గీస్తూ కూర్చుంది. తమ్ముడు ఫోన్ చేసేవాడు.

"అక్కా, ఎప్పుడు తెస్తావే?"

"ఒక్క తలుపు ఏడిపిస్తోందిరా."

"ఉన్నదున్నట్టు పట్రా. తలుపు తెరుచుకోకపోతే చస్తానా ఏమిటి?"

"నోర్ముయ్ వెధవా. నూరు పూర్తవగానే వస్తా."

అతను నవ్వబోయి దగ్గేవాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి పౌడరు డబ్బా అందుకునేది.

గురువారం మధ్యాహ్నం లెక్క అరవై రెండుకు వచ్చింది. బల్ల మీద ఫోన్ మోగింది. తెర మీద మరదలి పేరు. వేలు ఎత్తితే లెక్క పోతుందని అమ్మమ్మ ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. అరవై మూడోసారి తాళం ఆగిపోయింది. "నీ దుంప తెగ" అని టాబ్లెట్‌ను తిట్టి, మళ్లీ మోగిన ఫోన్ తీసింది.

తమ్ముడు పోయాడు.

పది రోజుల తరవాత అమ్మమ్మ ఆఫీసుకొచ్చి పాత చోటే కూర్చుంది. లీడ్ పక్కన కుర్చీ లాక్కుని, "ఈసారి నేను తెరుస్తా మేడమ్. మీరు గీతలు గియ్యండి" అంది. ఒకటి, పది, యాభై, నూరు. ఒక్కసారీ ఆగలేదు. అమ్మమ్మ పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

లీడ్ సందేహిస్తూ, "మీ చెయ్యి చూపిస్తారా?" అంది. చూపుడువేలి కొన ఎండి, పగిలి, పౌడరుతో సున్నం కొట్టినట్టుంది. ఇలాంటి తెరకు వేలిలో కాస్త తడి ఉండాలని, మరీ పొడిబారిన చర్మాన్ని అది ఒక్కోసారి గుర్తుపట్టదని లీడ్ నెమ్మదిగా చెప్పింది. గ్లాసులో నీళ్లలో వేలు ముంచి తుడుచుకుంది అమ్మమ్మ. గడియ మీద ఆనించింది. తాళం తిరిగింది. ఈసారి "మళ్ళీ" అనలేదు. ఫిర్యాదు మూసేటప్పుడు కారణం రాయాలి కాబట్టి, ‘ఆటలో తప్పు లేదు, తప్పు పరీక్షించిన మనిషిది’ అని రాసింది. లీడ్ చదివి కళ్లు తుడుచుకుందే గానీ దిద్దలేదు.

అక్కణ్నుంచి నేరుగా తమ్ముడింటికి వెళ్లింది. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. మరదలికి ఉన్నదంతా చెప్పుకుంది, పౌడరు డబ్బాతో సహా.

"వాడు పోవడానికి మూడు వారాల ముందే ఆట సిద్ధంగా ఉందే. వాడు ఆడుకునేవాడు. నా వేలే వాడి నోటి దగ్గరిది లాగేసింది."

మరదలు మంచం మీది పరుపును గోడ వైపు జరిపింది. తరవాత, "ఆ ఆటంటే ఆయనకెంత విసుగో నీకు తెలీదు వదినా" అంది. "తలుపుల మేడ అని ఎవరైనా ఎత్తితే చాలు, వేరే మాట మొదలుపెట్టేవారు."

"మరి రోజూ ఫోన్ చేసి అడిగేవాడుగా?"

"ఊరికే రమ్మంటే నువ్వొస్తావా? పనుందంటావు. అది తెమ్మంటే పరిగెత్తుకొస్తావనుకున్నారు."

అమ్మమ్మ ఒళ్లోని టాబ్లెట్ వంక చూసి, దాన్ని తీసి సంచిలో అడుక్కి తోసేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరదలు వచ్చి పక్కన కూర్చుంది. కిటికీలో ఎండ తగ్గేదాకా ఇద్దరూ లేవలేదు.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "రేపొస్తానే" అంది అమ్మమ్మ.

"ఏం, పనేమైనా ఉందా?"

"లేదు. ఊరికే."