చెంచమ్మ మగ్గం మీద ఎర్ర బల్బు

మంగళగిరి చేనేత వీధిలో చెంచమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆమధ్య నాలుగు నెలల పాటు మాత్రం చూపించి ఊరుకునేవారు కాదు. "లోపల ఎర్ర లైటు వెలుగుతుంటే పిలవమాకండి, పైన పిల్లలకి మీటింగు" అని ఓ మాట తగిలించి మరీ పంపేవారు. మగ్గం ఉన్న ఇంట్లో మీటింగేమిటి, మీటింగుకి ఎర్ర లైటేమిటి అని కొత్తవాళ్ళు తెల్లమొహం వేస్తే వీధివాళ్ళకి అదో సరదా.

చెంచమ్మకి యాభై నాలుగేళ్ళు. చిన్నప్పుడు పుట్టింట్లో నూలు కండెలు చుట్టింది. పెళ్ళయ్యాక అత్తగారి పక్కన గుంట మగ్గంలో కూర్చుని నేత నేర్చుకుంది. భర్త పానకాలు ఉన్న రోజుల్లో కింద మూడు మగ్గాలు ఆడేవి. నూలు చుట్టేవాళ్ళకి నీడ ఉండాలని ఆయన మేడ మీద మూడు గదులూ ఓ హాలూ వేయించాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. రెండు మగ్గాలు విప్పి అటకెక్కించారు, మేడకి తాళం పడింది. మిగిలిన ఒక్క మగ్గం చప్పుడే ఆ ఇంటికి పలకరింపు. ఒక్కరికి అన్నం వండుకోవడం మాత్రం చెంచమ్మకి ఎన్నాళ్ళకీ చేతకాలేదు. రోజూ మిగిలేది, రోజూ తిట్టుకునేది.

ఆ తాళం తీయించింది సౌజన్య. వాళ్ళది తుళ్ళూరు. పిల్లలకి కంప్యూటర్‌లోనే లెక్కలు చెబుతుంది. పొలం రాజధానికి ఇచ్చినప్పటి నుంచీ వాళ్ళింటికి చుట్టాల రాక ఎక్కువైంది. ఏ గదిలో కూర్చున్నా ఎవరో ఒకరు ప్లాటు సంగతే మాట్లాడుతుంటే, పిల్లలకి భిన్నాలు ఎలా చెప్పేది? ఆమె వచ్చిన నెలకి గుంటూరు నుంచి నజ్మీన్ వచ్చింది. డాక్టర్లు మాట్లాడి పంపిన రికార్డింగులు విని టైపు చేయడం ఆ అమ్మాయి పని. ఆ తర్వాత కనిగిరి నుంచి ఉదయ్ కుమార్. పూణేలోని కంపెనీకి ఇక్కడి నుంచే సాఫ్ట్‌వేర్ పరీక్షించి పెడతాడు. "కనిగిరిలో నెట్ ఉంటే కరెంటు ఉండదు, కరెంటు ఉంటే నెట్ ఉండదు. రెండూ ఉన్నరోజు మాట్లాడే మనిషుండడు. ఒక్కణ్ణే గదిలో కూర్చుని పిచ్చెక్కిందండీ" అన్నాడు వచ్చిన రోజున.

ముగ్గురివీ మూడు గదులు, అందరిదీ ఒకే వంట. కూరలు తరగడం వంతులవారీగా. తినడం కింద చెంచమ్మ వసారాలో. మొదట్లో ఆంటీ అని పిలిస్తే, "వెనకాల ఎవరన్నా ఉన్నారేమో అనిపిస్తందమ్మా" అంది. ఆ రోజు నుంచీ పిన్ని అయింది.

"ఇలా ఉండటాన్ని కోలివింగ్ అంటారు పిన్నీ. బెంగుళూరులో, గోవాలో ఇదే పెద్ద ఫ్యాషను" అని సౌజన్య ఓ రోజు పప్పు కలుపుకుంటూ చెప్పింది.

"కలిసుండటానిక్కూడా ఇంగ్లీషు పేరు పెట్టారా! మా అత్తగారి కాలంలో దీన్ని ఇల్లు అనేవాళ్ళం" అంది చెంచమ్మ. ఉదయ్‌కి పొలమారింది.

ఆ ఉదయ్‌కి సగం టీ తాగేసరికి ఏదో ఒక మీటింగు తగిలేది. గ్లాసు అక్కడే వదిలి మెట్లెక్కేవాడు. "కొండమీది స్వామికే చెల్లిందిరా సగం తాగి సగం వదలడం. నువ్వెవడివి?" అని వెనక నుంచి కేకేసేది చెంచమ్మ. పోసిన పానకంలో సగమే తాగుతాడని పేరున్న పానకాలస్వామి కొండ కింద పుట్టి పెరిగిన మనిషి నోట వేరే తిట్టు ఎందుకొస్తుంది? నిజం చెప్పాలంటే ఆ మిగిలిన టీ గ్లాసు చూస్తే ఆమెకి ఎంతో బాగుండేది. ఇంట్లో మనుషులున్నారని అదో గుర్తు.

ఇబ్బంది మగ్గం దగ్గర వచ్చింది. ఉదయ్ నోరు తెరిచినప్పుడల్లా కింద టకటకా టకటకా. అవతలి పక్క నుంచి కంపెనీవాళ్ళు ఓసారి నవ్వారు, రెండోసారి విసుక్కున్నారు, మూడోసారి ఆఫీసుకే వచ్చెయ్యమన్నారు. పాపం వాడు బెదిరిపోయి కిందికొచ్చాడు. "పిన్నీ, మీటింగప్పుడు కాసేపు ఆపగలవా?" అని అడిగాడు.

"దానిదేముందిరా" అంది చెంచమ్మ.

మరునాడే ఉదయ్ ఓ వైరు లాగి మగ్గం ఎదుట గోడకి ఎర్ర బల్బు బిగించాడు. స్విచ్చి మేడమీద. మీటింగు ఉన్నవాళ్ళు నొక్కితే బల్బు వెలుగుతుంది, చెంచమ్మ ఆపుతుంది. అయిపోయాక ఆర్పేస్తారు, ఆమె మొదలుపెడుతుంది. ఇంత చక్కని ఏర్పాటు చేసుకున్నందుకు ముగ్గురూ మురిసిపోయారు. మంచి మైకు ఒకటి కొనుక్కోవడమో, వీధివైపు గది వదిలి వెనక గదిలో కూర్చోవడమో వాళ్ళకి తోచలేదు. మగ్గం ఆపడమే తేలికనిపించింది. ఆపేది వేరేవాళ్ళయినప్పుడు ఏదైనా తేలికే.

మగ్గం ఫ్యాను లాంటిది కాదు. నేసేవాళ్ళు లేవాలనుకుంటే ముందు పడుగు, అంటే నిలువుగా బిగించిన పోగులు, కాస్త వదులు చేసి లేస్తారు. వచ్చాక మళ్ళీ బిగించి, నాలుగు పోగులు చూసుకుంటూ వేసి అందుకుంటారు. నీళ్ళకో అన్నానికో రోజుకి రెండు మూడుసార్లయితే ఏ చెయ్యీ ఆ తేడా కనబడనివ్వదు. బల్బుకి ఆ ఓపిక లేదు. వెలిగిందంటే ఉన్నపళంగా ఆపాలి. పడుగు వదులు చేద్దామంటే దాన్ని చుట్టిన కర్ర కిర్రుమంటుంది, అదీ చప్పుడే. బిగువు మీద అరగంట అలా ఉండిపోయిన చోట, మళ్ళీ మొదలెట్టిన మొదటి దెబ్బకి సన్నని గీత పడుతుంది. మంగళగిరి చీరకి ఒంటి నిండా పువ్వులుండవు. అంచున జరీ, మధ్యన నునుపు, అంతే. తప్పు దాక్కోవడానికి అందులో చోటు లేదు.

మొదట్లో రోజుకి ఒకటి రెండు మీటింగులే కాబట్టి చెంచమ్మ ఎలాగో సర్దుకుంది. నాలుగో నెలకి మీటింగులు పెరిగి, మామూలుగా నాలుగు రోజుల్లో దిగే చీర తొమ్మిది రోజులు పట్టింది. పడుగు, నూలు, జరీ ఇచ్చి నేయించుకునే వేణుగోపాల్ దాన్ని తన కొట్లో తెల్లచాప మీద పరిచాడు. కళ్ళతో చూసే ముందు అరచేత్తో చూడటం అతని అలవాటు. చెయ్యి కదులుతోంది, ఆగుతోంది. కదులుతోంది, ఆగుతోంది. ముప్పై అయిదేళ్ళలో చెంచమ్మ చీర మీద ఏ చెయ్యీ అలా ఆగలేదు.

"ఏంటక్కా ఇది? చూపు గాని తగ్గిందా?"

"లేదండి."

"మరి?"

చెప్పచ్చు. చెబితే వీధంతా తెలుస్తుంది, వీధికి తెలిస్తే మేడకి తెలుస్తుంది. మా వల్ల కదా అని పిల్లలు పెట్టె సర్దుకుంటారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరుకుంది.

వేణుగోపాల్ చెడ్డవాడు కాదు. కోప్పడకుండానే చెప్పాడు. "ఈ చీర నువ్వే ఉంచుకో. ఆ పడుగులో ఇంకొక్క చీర ఉంది. అది బాగా వస్తే కొత్త పడుగు ఇస్తా. అదీ ఇలాగే ఉంటే మాత్రం నేనియ్యలేనక్కా. నువ్వు చేసింది చాల్లే, ఇక విశ్రాంతి తీసుకో."

ఆ విశ్రాంతి అన్న మాటే ఆమెకి గుచ్చుకుంది. చీర చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి ట్రంకుపెట్టె అడుగున దాచేసింది. మగ్గం పోతే తనెవరు? పిల్లలు పోతే ఇల్లెందుకు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి మధ్యా కూర్చుని సాయంత్రం వంకాయలు తరిగింది. ఉప్పు రెండుసార్లు వేసింది. ముగ్గురూ నోరెత్తకుండా తిని చెంబులకి చెంబులు నీళ్ళు తాగారు.

రెండు రోజుల తర్వాత సౌజన్య వాళ్ళ కంపెనీలో అందరూ చేనేత కట్టుకుని తెర ముందు కూర్చోవాలన్నారు. "పిన్నీ, ఒక చీరియ్యవా?" అంటూ తనే పెట్టె తెరిచింది. చెంచమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆకుపచ్చ చీర బయటికొచ్చేసింది.

"గీతలు భలే ఉన్నాయే! కొత్త డిజైనా?"

"ఆఁ... డిజైనేనమ్మా" అంది చెంచమ్మ. నునుపు నేతకి పేరుపడ్డ మనిషి, ఆ ఒక్క మాటకి తలెత్తుకోలేకపోయింది.

సౌజన్య దాన్ని మేడ మీద హాల్లో పొడుగునా పరిచి మిగతా ఇద్దరినీ పిలిచింది. నజ్మీన్ వాళ్ళమ్మ గుంటూరులో బట్టలు కుడుతుంది. గుడ్డ చూస్తే ఆ పిల్ల చెయ్యి ఊరుకోదు. మోకాళ్ళ మీద కూర్చుని గీత గీతకీ వేలు ఆనించుకుంటూ వెళ్ళింది. బెత్తెడుకి ఒకటి, జానెడుకి ఒకటి. ఉన్నట్టుండి నాలుగు మూరల మేర ఒక్కటీ లేదు. మళ్ళీ మొదలు.

"డిజైనైతే ఇక్కడెందుకు మానేసింది?" అంది.

"మర్చిపోయుంటుంది" అన్నాడు ఉదయ్.

నజ్మీన్ రోజంతా మనుషులు ఎక్కడ మాట్లాడుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు అని వినే అమ్మాయి. నెమ్మదిగా అంది. "ఇది శని, ఆదివారాల నేత. అప్పుడు మనకి మీటింగుల్లేవు."

ముగ్గురూ చీర మీద నుంచి లేచి గోడనున్న స్విచ్చి వైపు చూశారు. సౌజన్య మొదటి గీత మీద చెయ్యి పెట్టింది. "ఇది నా క్లాసు" అంది.

ఉదయ్ మెట్లు దిగి వచ్చేసరికి చెంచమ్మ గుంటలో కూర్చుని ఉంది. పడుగులో మిగిలిన ఆఖరి చీర, ఇంకా జానెడు కూడా నేయలేదు. నేయాలంటే భయం.

"ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"ఏం చెప్పమంటావురా? చెబితే మీరుంటారా?"

"అంటే మగ్గం పోయినా పర్లేదా?"

"పర్లేదని ఎవరన్నార్రా!" అని గట్టిగా అరిచింది చెంచమ్మ. ఆ అరుపుకి తనే ఉలిక్కిపడి ఏడ్చేసింది. వేణుగోపాల్ అన్నదీ, కొత్త పడుగు సంగతీ, అన్నీ ఆ ఏడుపులోనే బయటికొచ్చాయి. "మీరు రాకముందు ఇంట్లో ఎవరూ టీ మిగిల్చేవాళ్ళు కాదురా" అంది చివరికి.

ఉదయ్ గోడ దగ్గరికెళ్ళి బల్బు విప్పాడు. వైరు కూడా లాగేసి చుట్టచుట్టి పిన్ని చేతికిచ్చాడు. పైనుంచి పరుపు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆడపిల్లలిద్దరూ వెనక గదిని ఖాళీ చేసి, కిటికీకి పాత పరుపు అడ్డం కట్టి, మీటింగు ఎవరికున్నా అక్కడే కూర్చోవాలని తీర్మానించేశారు. సాయంత్రానికి ఉదయ్ విజయవాడ వెళ్ళి మైకు తెచ్చాడు. నాలుగు నెలల కిందటే చేయాల్సిన పనులు నాలుగు గంటల్లో అయిపోయాయి.

బల్బు పోయింది గాని చెంచమ్మకి అలవాటు పోలేదు. మేడ మీద ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, మగ్గం తొక్కే కాలు తేలిపోయేది. అలా తేలబోయినప్పుడల్లా పైనుంచి నజ్మీన్ మడమతో నేలని దబదబా తన్నేది. "ఆపమాక పిన్నీ!" అని దాని అర్థం. రెండు రోజులు అలా తన్నులతోనే చీర నడిచింది. చెంచమ్మ వేలితో తడిమి చూసుకుంటే నీళ్ళలా నున్నగా ఉంది.

మూడో రోజు ఉదయ్‌కి పెద్ద మీటింగు. ఇక్కడి నుంచి పని చేయనిస్తారా, పూణే రమ్మంటారా అని తేలే మీటింగు. పొద్దున టీ అసలు ముట్టుకోనే లేదు. పరుపు అడ్డం ఉన్నా, మైకు కొత్తదైనా, మగ్గం మగ్గమే. కొంత వినబడుతుంది. అది తెలిసే చెంచమ్మ భయం భయంగా అడ్డపోగు లాగే నాడె విసురుతోంది. వాళ్ళ పైఅధికారి కూడా తెలుగువాడే. అతను ఏమడిగాడో ఆమెకి వినబడలేదు. ఉదయ్ జవాబు మాత్రం మెట్ల మీదుగా కిందికి దిగింది.

"లేదండి, ఫ్యాక్టరీ కాదు. ఇంట్లోనే ఉన్నానండి. మా ఇంట్లో మగ్గముంది... లేదండి, అది ఆపడం కుదరదు. మీరు చెప్పండి, వింటున్నాను."

చెంచమ్మ చెయ్యి ఆగిపోయింది. నాడె పడుగు మధ్యలో నిలబడింది. ఎంతసేపలా కూర్చుందో ఆమెకే తెలియదు.

పైన దబదబామంది. "పిన్నీ! ఎందుకాపావు?"

"ఏం లేదమ్మా!" అని కేకేసి కళ్ళు తుడుచుకుని కాలు నొక్కింది.

ఉదయ్‌ని పూణే రమ్మనలేదు. వాడు కిందికొచ్చి చల్లారిన టీ గుటగుటా గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగేశాడు. చీర నాలుగో రోజు దిగింది. మరునాడు చెంచమ్మ దాన్ని మడిచి, తనూ మంచి చీర కట్టుకుని, వేణుగోపాల్ కొట్టుకి వెళ్ళింది. ముగ్గురూ వెంట వస్తామంటే, "పెళ్ళిచూపులా ఏంటి?" అని కసిరి గుమ్మంలోనే ఆపేసింది.

వేణుగోపాల్ తెల్లచాప మీద చీర పరిచి అరచెయ్యి ఆనించాడు. చెయ్యి ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. సగం దాటింది. ముప్పాతిక దాటాక ఆగింది. వెనక్కొచ్చి మళ్ళీ చూసుకున్నాడు.

"ఇక్కడొకటుందక్కా."

"ఉందండి."

"వీధిలో విన్నాను, పోయినసారి గీతలు ఆ లైటు వల్లేనట. లైటు తీసేశారన్నారే?"

"తీసేశారండి. అది లైటు కాదు, నేనే ఆపా." చెంచమ్మ కొంగు సర్దుకుని అతని మొహంలోకి సూటిగా చూసింది. "పైన మావాడు ఫోన్లో 'మా ఇల్లు' అన్నాడండి."

వేణుగోపాల్ ఆ గీత మీద ఇంకోసారి అరచెయ్యి రాశాడు. తర్వాత చీర మడిచి బాగున్నవాటి వరసలో పెట్టి, చెంచమ్మక్కకి కొత్త పడుగు తెమ్మని లోపలికి కేకేశాడు.