అంచున ఉన్న పేరు

రీటమ్మ గారు సోమవారం ఉదయం కన్నుమూశారు. ఈ ఊళ్లోనే ఉత్తరపు కొసన ఉన్న సెంబవాంగ్ పేట నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెబితే, ఆఫీసుకు వెళ్లే రైలు దిగి తిరుగు రైలెక్కాను. గురుతుల్యురాలిని కోల్పోయిన దుఃఖం ఒకటి, ఆమెకు నేను చేసిన అపచారం ఇక దిద్దుకోలేనన్న బాధ ఒకటి.

కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం గండం ఉందని భయపడి ఈ పరాయి దేశపు బ్యాంకులు మనవాళ్లను రప్పించుకున్న రోజుల్లో ఆమె గుంటూరు నుంచి వచ్చారు. నాకు పని నేర్పింది ఆమే. "ఎప్పుడో చోటు చాలట్లేదని సంవత్సరంలో రెండంకెలు కోసి పారేశారయ్యా. ఇప్పుడు ఏరుకోడానికి మనం కావాల్సొచ్చింది" అనేవారు.

ఆమెకున్న వ్యసనం ఒక్కటే, పురాతన ఫ్రెంచి ముద్రణాచిత్రాలు. రాగిరేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచి అచ్చు తీసిన క్రైస్తవ పునీతుల బొమ్మలు. కథోలిక భక్తురాలు గనుక ఒక్కొక్కరినీ పేరుపేరునా ప్రార్థించేవారు. చేతిలో చక్రముంటే ఒకరు, తాళంచెవులుంటే ఒకరు అని నాకూ పోల్చడం నేర్పారు.

ఒకసారి కొత్తగా కొన్న బొమ్మను ఇంకా తీరిగ్గా చూడకముందే, ఫ్రేము కట్టించమని నాకిచ్చారు. రిక్తహస్తాలతో పైకి చూస్తున్న స్త్రీమూర్తి. నేను దుకాణంలో కొన్న ఫ్రేములో పట్టలేదు. తెలివైనవాణ్ని గదా, కింద మాసిపోయిన అంచును కత్తిరించి, మా ఫ్లాటు నుంచి కింది చెత్తకుండీలోకి దిగే గొట్టంలోకి జారవిడిచి చేతులు దులుపుకున్నాను.

ఆమె మా ఫ్లాటుకొచ్చి బొమ్మ అందుకుని, ఫ్రేము కింది అంచు వెంట వేలు పోనిచ్చారు. "పేరు ఆ అంచులోనే ఉంటదయ్యా. నేనింకా చదవనే లేదు" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కిందికి పరుగెత్తాను. చెత్తబండి అప్పటికే వెళ్లిపోయింది. ఆ సంగతి ఆమె మరెవ్వరికీ చెప్పలేదు.

ఆ పేరు కోసం ఎన్నో గ్రంథాలు తిరగేశారు, ఎందరికో ఉత్తరాలు రాశారు. దొరకలేదు. "నేమ్ లేకపోతే నువ్వే ఒకటి పెట్టేయ్ లా, ఆంటీ" అంది మా అమ్మాయి, ఇక్కడివాళ్ల అలవాటుగా మాట చివర "లా" తగిలించి. "మనం పెట్టిన పేరుకి ఆవిడ పలుకుద్దా తల్లీ" అన్నారు ఆమె.

ఆసుపత్రిలో చివరి వారమంతా ఆ బొమ్మ మంచం పక్కనే ఉంది. "అందర్నీ పిలిచానయ్యా. ఈవిణ్ణే పిలవలేకపోతున్నా" అన్నారు. క్షమించమని అడగకుండానే, బొమ్మను ఆమె వైపు తిప్పిపెట్టి వచ్చేశాను.

అంతటి విదుషీమణి, అంతటి క్షమాశీల నా జీవితంలో మళ్లీ తారసపడరు. ఆ పుణ్యాత్మురాలికి అంజలి ఘటించడానికి నిన్న ఆమె ఫ్లాటులో చేరాం. ప్రార్థన నడిపించినవారు పునీతుల పేర్లు వరుసగా చదివారు. ప్రతి పేరుకూ "మా కొరకు ప్రార్థించండి" అని బదులు చెప్పాలి. ఒక్కటీ వదలకుండా చెప్పాను. వాటిలో ఆ బొమ్మలోని ఆవిడ పేరుందో లేదో నాకు తెలియదు.