కరెంటు పోతే వచ్చే తీరిక

ఎనభైలలో నేను నగరికి కాపురానికి వచ్చినప్పుడు, వీధంతా మరమగ్గాలే. వాటి మోతలో ఎవరి మాటా వినపడేది కాదు. పక్కింటామెకు చక్కెర జబ్బు. రోజూ కాస్త నడవమని డాక్టరు చెప్పాడు, కానీ మగ్గం వదిలే తీరికేదీ? అందుకే కరెంటు పోగానే మా గడప దగ్గరికి వచ్చేది. ఆమె భర్తా కొడుకులూ ఆ కాసేపూ కునుకు తీసేవాళ్ళు.

"వీధి సివరిదాకా పోయొద్దాం, వస్తావా పాపా?"

నా పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

"రాకుంటే ఏం తప్పులే. రేపు కూడా కరెంటు పోతాది," అని ఒక్కతే నడిచేది.

ఒకే ఒక్కసారి తోడు వెళ్ళాను. దారంతా మాట్లాడుతూనే ఉంది.

"నాకో సెల్లెలుండేది పాపా. దాన్ని నేనే..."

అంతలో కరెంటు వచ్చింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆమె పెదవులు కదిలాయి గాని నాకేమీ వినపడలేదు. చేయి ఊపి, గబగబా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ చెల్లెలి సంగతి అడగాలని ఆమె పిలిచిన ప్రతిసారీ అనుకున్నాను. రేపు కూడా కరెంటు పోతుంది కదా అని, వాళ్ళు ఇల్లు ఖాళీ చేసేదాకా పొయ్యి దగ్గరే ఉండిపోయాను.