చింతలమెరక లాకుల్లో టెలిఫోను

చింతలమెరక లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరుగా పనిచేసే కుక్కుటేశ్వరరావుకి మెల్లగా మాట్లాడ్డం రాదు. అందులో ఆయన తప్పేం లేదు. ఇరవయ్యేళ్ళుగా ఆయన కాపురం కాలవగట్టు మీదే. లాకు తలుపుల్లోంచి నీళ్ళు హోరుమని దూకే చోటుకి పది గజాల దూరంలో ఇల్లు. ఆ హోరు మీదుగా అవతలి గట్టునున్న పడవ సరంగుని కేకెయ్యాలి. పెరట్లో ఉన్న భార్యని కేకెయ్యాలి. అన్నం వడ్డించమనడానికీ కేకే, ఇక చాలనడానికీ కేకే. భార్య లోవలక్ష్మి కూడా అదే శ్రుతిలో బదులిచ్చేది. కొత్తవాళ్ళెవరైనా అటుగా పోతుంటే, మొగుడూపెళ్ళాలు కొట్టుకుంటున్నారనుకుని విడదియ్యడానికి పరిగెత్తుకొచ్చేవారు. వచ్చి చూస్తే ఇద్దరూ అరుగు మీద కూర్చుని వంకాయ కూరలో కారం గురించి ప్రేమగా మాట్లాడుకుంటూ ఉండేవారు.

పిఠాపురం కుక్కుటేశ్వరస్వామికి వాళ్ళమ్మ మొక్కుకుంటే పుట్టాడు గనక ఆ పేరు పెట్టారు. స్వామి కోడి రూపంలో వెలిసినవాడు కాబట్టి గొంతు కూడా అక్కణ్ణించే వచ్చిందని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు.

డెబ్బయ్యారులో, రెండో పంట దాళ్వాకి నీళ్ళు వదలడానికి ముందు, లాకుల దగ్గరికి టెలిఫోను వచ్చింది. నల్లటి పెట్టె, పక్కన తిప్పే పిడి. సెక్షన్ ఆఫీసు నుంచి సూపర్వైజరు చంద్రరావుగారు స్వయంగా వచ్చి దాన్ని గోడకి బిగింపించారు. ఆయన చిన్నవాడు, మెతకమనిషి, గట్టిగా తుమ్మినా పక్కవాళ్ళకి క్షమాపణ చెప్పుకునే రకం.

"చూడు కుక్కుటేశ్వర్రావ్, రోజూ పొద్దున్న ఆరింటికి గేజి రాయి మీద నీళ్ళెంతున్నాయో ఇందులో చెప్పాలి. నేనేం చెప్పినా నువ్వు మళ్ళీ ఒకసారి అనాలి. సరిగ్గా విన్నావో లేదో నాకు తెలియాలిగా."

"ఆయ్, చిత్తం. తమరి ఆఫీసు ఇక్కణ్ణించి ఎంత దూరమండీ?"

"ఎనిమిది మైళ్ళు. ఏం?"

కుక్కుటేశ్వరరావు కాలవకేసి చూశాడు. మనసులో లెక్క వేసుకున్నాడు. నలభై గజాల కాలవ దాటి సరంగుకి వినపడాలంటేనే పొట్టలోంచి కేకెయ్యాలి. మరి ఎనిమిది మైళ్ళంటే?

మర్నాడు ఆరింటికి పంచె ఎగ్గట్టి, తలకి తువ్వాలు బిగించి, గుండెల నిండా గాలి పీల్చి పిడి తిప్పాడు.

"అలో! సూపర్వైజరు గారాండీ! నాలుగడుగుల మూడంగుళాలండీ!"

అవతల చంద్రరావుగారి చేతిలో కాఫీ ఒలికిపోయింది. ఇవతల రేవులో అంట్లు తోముకుంటున్న ఆడవాళ్ళు తలలెత్తారు. గట్టు మీద సైకిల్ తొక్కుతున్న పాలాయన దిగిపోయాడు.

వారం తిరిగేసరికి ఊళ్ళో సగంమంది వేపపుల్లలు నోట్లో పెట్టుకుని ఆరింటికి లాకుల దగ్గరికి చేరడం మొదలెట్టారు. రేడియో వార్తలకంటే ముందు లాకుల వార్తలు వినడం అలవాటైపోయింది. పైగా సూపర్వైజరు చెప్పినవన్నీ కుక్కుటేశ్వరరావు మళ్ళీ అంటాడు గనక రెండు వైపుల మాటలూ వినపడేవి. ఒకరోజు, "తమరికి పంటి నెప్పాండీ! లవంగం పెట్టుకోండి!" అని కూడా వినపడింది. ఆ సాయంత్రం ఎవరో చంద్రరావుగారికి పొట్లం కట్టి లవంగాలు పంపారు.

ఇదంతా నవ్వులాటగానే పోయేది, దాళ్వా నీళ్ళ గొడవే లేకపోతే.

తొలి పంట సార్వాకి కాలవ నిండా నీళ్ళుంటాయి, ఎవరి గొడవా ఉండదు. దాళ్వాకి గోదావరి సన్నబడిపోతుంది. అప్పుడు వంతులు పెడతారు. ఒక వారం ఎగువ పొలాలకి, ఒక వారం కాలవ చివరనున్న శివారు పొలాలకి. శివారు వంతు వచ్చినప్పుడు ఎగువవాళ్ళు తమ పొలాలకి నీళ్ళొచ్చే తూములు మూసుకోవాలి. కానీ ఆ వంతు ఎప్పుడు మొదలవుతుందో ముందుగా ఎవరికీ చెప్పకూడదని పైవాళ్ళ ఆర్డరు. చెబితే గట్ల మీద కొట్లాటలవుతాయట. ఎవరికీ అంటే, ఎగువన నలభై ఎకరాలున్న పల్లంరాజుగారికి తప్ప ఎవరికీ అని. ఆయన సెక్షన్ ఆఫీసులో కూర్చుని కబుర్లు చెప్పి, వంతు సంగతి తెలుసుకుని వచ్చేవాడు. ఆయన తూము తలుపు ఏటా సరిగ్గా శివారు వంతు వచ్చిన వారమే బిగుసుకుపోయేది. ఎంత లాగినా మూతపడేది కాదు పాపం. కింద ఎకరంన్నర చేసుకునే అచ్చాయమ్మలాంటివాళ్ళు, నీళ్ళు వచ్చాయని తెలుసుకుని పరిగెత్తేసరికి పొలం బోదె కాలవలో కప్పలు తడిసేటన్ని కూడా మిగిలేవి కావు.

ఫిబ్రవరిలో ఒకరోజు టెలిఫోను మోగింది.

"చిత్తం! సోమవారం పొద్దున్న పదింటికాండీ! శివారు వంతు మొదలాండీ! ఎవరికీ చెప్పకూడదాండీ? అలాగేనండీ! ఎవ్వరికీ చెప్పనండీ!"

ఎవ్వరికీ చెప్పనని ఆయన ఒట్టేసిన సంగతి రెండు గట్లకీ వినపడింది.

సోమవారం పదింటికి అచ్చాయమ్మ ముందు, వెనక ముప్ఫైమంది శివారు రైతులు పారలు భుజాన వేసుకుని గట్టంతా బారులు తీరారు. ఒక్కో తూము దగ్గర ఇద్దరేసి కూర్చున్నారు. పల్లంరాజుగారి తూము తలుపు ఎవరూ అడక్కుండానే మూతపడింది.

మర్నాడే ఆయన సెక్షన్ ఆఫీసుకెళ్ళి బల్ల గుద్దాడు. "రహస్యం బయటికి పొక్కుతోందండీ! ఒక్క పురుగుక్కూడా తెలియడానికి వీల్లేదు!"

చంద్రరావుగారు లాకులకి వచ్చి విచారణ చేశారు. "ఎవరికైనా చెప్పావా?"

"అమ్మతోడండీ! మా ఆడదానిక్కూడా చెప్పలేదండీ!" అన్నాడు కుక్కుటేశ్వరరావు. అవతలి గట్టు మీద మేస్తున్న గేదెలు తలతిప్పి చూశాయి. చంద్రరావుగారికి విషయం అర్థమైపోయింది.

మెల్లగా మాట్లాడమని ఓ పూటంతా నేర్పారు. రాలేదు. చివరికి ఆయన తెలివైన ఉపాయం ఒకటి ఆలోచించారు. గుప్త భాష. నీళ్ళంటే పాయసం. ఎగువ పొలాలంటే పెద్దల్లుడు, శివారు పొలాలంటే చిన్నల్లుడు. అడుగులకి బదులు గరిటెలు. జీపులో తను తనిఖీకి రావడం జీడిపప్పు. ఈ సంగతి పల్లంరాజుగారిక్కూడా చెప్పలేదు. ఒక్క పురుగుక్కూడా తెలియకూడదన్నది ఆయనే కదా.

తర్వాతి శివారు వంతు ముందు మంగళవారం టెలిఫోను మోగింది. రేవంతా వింటోంది.

"అలో! చిత్తం! గురువారం పదింటికి చిన్నల్లుడికి పాయసమాండీ! పెద్దల్లుడికి మూత పెట్టెయ్యాలాండీ! ఇవాళ నాలుగున్నర గరిటెలుందండీ! జీడిపప్పా? జీడిపప్పంటే ఏంటండీ? ఆఁ, గుర్తొచ్చింది, తమరి జీపాండీ! రండి, రండి!"

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో లోవలక్ష్మి నిలబడి ఉంది. వాళ్ళకి ఇద్దరూ మగపిల్లలే.

"ఏవండీ, మనకి కూతుళ్ళే లేరు కదా. ఈ అల్లుళ్ళెవరు?"

"గవర్నమెంటు రహస్యం! చెప్పకూడదు!"

"అల్లుళ్ళకి గవర్నమెంటేంటండీ!"

ఆయన నోరు నొక్కుకున్నాడు. కడుపులో ఉన్నది దాచుకోవడం ఆయన జన్మలో అదే మొదలు. ముఖం కందిపోయి, నిజంగానే తప్పు చేసినవాడిలా కనిపించాడు. మధ్యాహ్నానికల్లా ఆయనకి నరసాపురంలో ఇంకో సంసారం ఉందనీ, అక్కడ ఇద్దరు కూతుళ్ళున్నారనీ, సూపర్వైజరే పెళ్ళిపెద్దనీ ఊరు తేల్చేసింది. లోవలక్ష్మి మాట్లాడ్డం మానేసింది. కంచం విసురుగా పెట్టడం, చెంబు ఠంగుమనిపించడం తప్ప ఆ ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. కుక్కుటేశ్వరరావుకి అన్నం సయించలేదు. రహస్యం చెప్పేస్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే కాపురం పోతుంది. లాకు తలుపు పట్టుకుని నీళ్ళకేసి దిగులుగా చూస్తూ కూర్చున్నాడు.

బుధవారం ఓదార్చడానికి అచ్చాయమ్మ వచ్చింది. లోవలక్ష్మి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. అచ్చాయమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది.

"నాలుగున్నర గరిటెలన్నాడా? అల్లుడికెవరైనా గరిటె లెక్కన పాయసం పోస్తారటే? అందులోనూ ఆ అర గరిటేంటి?" అంటూ లేచి గేజి రాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు నాలుగున్నర అడుగుల గీత మీద ఉన్నాయి. కాసేపు దాన్నే చూసి, గట్టు మీద చతికిలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"లోవలక్ష్మీ! నీ మొగుడు బంగారమే! ఆ చిన్నల్లుణ్ణి నేనేనే!"

గురువారం పొద్దున్న శివారు రైతులు పారలతో దిగారు. "ఎక్కడికి?" అని ఎవరైనా అడిగితే, "పాయసానికండి" అన్నారు ముఖాలు బిగించి.

తొమ్మిదిన్నరకి పల్లంరాజుగారు కూడా వచ్చాడు, ఇస్త్రీ పంచెలో, ఇద్దరు పాలేళ్ళతో. లస్కరుకి రెండో సంసారం ఉందన్న కబురు ఆయనదాకా వెళ్ళింది. చుట్టుపక్కల ఎక్కడ తగువొచ్చినా తను కూర్చోకుండా తీర్పయితే ఆయనకి నిద్రపట్టదు. అరుగు మీద కుర్చీ వేయించుకుని, గొంతు సవరించుకుని మొదలెట్టాడు.

"నిజం చెప్పు కుక్కుటేశ్వర్రావ్. నీకు కూతుళ్ళెంతమంది?"

"లేరండీ!"

"మరి అల్లుళ్ళు?"

"ఇద్దరండీ!" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

పల్లంరాజుగారు పాలేళ్ళకేసి చూసి, ఈ లెక్క తేలేటప్పటికి మధ్యాహ్నం అవుతుందన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన అలా ఒకటికి పది ప్రశ్నలు వేస్తుండగానే ఎగువన శివారువాళ్ళ చేతుల్లో ఆయన తూము మూతపడింది, పదయింది, కుక్కుటేశ్వరరావు కేకలతో బదులిస్తూనే వెళ్ళి లాకు తలుపు లేపాడు, నీళ్ళు కిందికి దూకాయి. జీపు దిగిన చంద్రరావుగారికి గట్టు పొడుగునా పారలతో జనం, మధ్యలో కుర్చీలో పల్లంరాజుగారు కనిపించారు.

"ఇదంతా ఏంటి?" అన్నారు నీరసంగా.

"పాయసమండి," అంది అచ్చాయమ్మ వినయంగా.

పల్లంరాజుగారు సుడి తిరిగే నీళ్ళకేసి, పారలకేసి, చంద్రరావుగారికేసి చూసి, సంగతి అర్థమై లేవబోయాడు. ఇంతలో లోవలక్ష్మి గిన్నెతో వచ్చింది. మొగుణ్ణి రెండ్రోజులు అనుమానించినందుకు సిగ్గుపడి, పొద్దున్నే బెల్లం పాయసం నిజంగానే కాచింది. చేతికిచ్చిన గ్లాసు కాదనడం పెద్దమనిషికి కుదరదు. తాగాడు. బాగుండటంతో ఇంకాస్త పోయించుకున్నాడు.

చంద్రరావుగారు ఆ వారమే పై ఆఫీసుకి ఓ కాయితం రాశారు. వంతులు దాచడం ఈ లాకుల దగ్గర సాధ్యం కాదనీ, ముందుగా చెప్పేస్తేనే కొట్లాటలు ఉండవనీ. దానికి బదులుగా ఒక మెమో వచ్చింది: లస్కరు ఇకమీదట టెలిఫోనులో నెమ్మదిగా మాట్లాడవలెను. మెమో అందిందని చెబుతూ కుక్కుటేశ్వరరావు దాన్ని టెలిఫోనులో చదివి వినిపించాడు, రెండుసార్లు. దాంతో పై ఆఫీసు దిగొచ్చింది. మరుసటేడు వంతుల తేదీలు రేకు బోర్డు మీద రాసి లాకుల దగ్గర పెట్టారు.

పాయసం పోసిన ఆ దాళ్వాలో అచ్చాయమ్మ చేను ఐదేళ్ళలో మొదటిసారి చివరిదాకా పచ్చగా నిలబడింది. ఆపై ఏడాది గాలివానకి టెలిఫోను స్తంభాలు పదహారు ఒరిగిపోయి, లాకుల వార్తలు ఆగిపోయాయి. డిపార్టుమెంటు మనుషులు తీగలు పట్టుకుని వచ్చేసరికి శివారువాళ్ళు పన్నెండు స్తంభాలు నిలబెట్టేసి, పదమూడోదాని గొయ్యి తవ్వుతున్నారు. గట్టు మీద నిలబడి, ఇంకా లోతు కావాలని అచ్చాయమ్మ పోరుపెడుతోంది.