గడ్డి నలగకుండా

ఉత్తరాదిన, ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంట్ల తోట బాధ్యత చూసే అంకుల్‌ది గుంటూరు వైపు. రిటైరయ్యాక ఆయన ప్రాణమంతా ఆ లాన్ మీదే ఉండేది. ఎండలు ముదరకముందే స్ప్రింక్లర్లన్నీ విప్పించి, వాటి మూతుల్లో పేరుకున్న ఉప్పును పాత టూత్‌బ్రష్‌తో తానే తోమేవారు. వంగి గడ్డిని అరచేత్తో నిమిరేవారు. అది చూసే నాకు ఆయనంటే ఇష్టం కలిగింది.

ఒక జనవరిలో, రోజుల తరబడి కమ్మిన పొగమంచు విడిపోయి ఎండ వచ్చింది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు లాన్‌లో కూర్చుని రొట్టెలు తింటున్నారు. అంకుల్ ఇంట్లో అంట్లు తోమే ఆమె ఒళ్ళో చంటిపాప నిద్రపోతోంది. నేను కూరగాయలు కొనుక్కుని వస్తున్నాను. లాన్ అంచున నిలబడ్డ అంకుల్ లేవమని కూడా చెప్పకుండా స్ప్రింక్లర్ల వాల్వ్ తిప్పేశారు. చన్నీళ్ళు నాలుగు వైపుల నుంచీ మీద పడేసరికి వాళ్ళు కేకలు పెడుతూ పరుగెత్తారు.

"అంకుల్, పసిబిడ్డ ఉందండీ!" అని అరిచాను.

ఆయన నీళ్ళకేసే చూస్తున్నారు. "చూశావా అమ్మాయ్, ఆ మూలది సరిగా తిరగట్లేదు," అన్నారు.

పాపకు నా శాలువా చుట్టి, తల్లిని మా ఫ్లాట్‌కు తీసుకెళ్ళాను. కాసేపటికి ఆమె అంకుల్ ఇంటికి పనికి వెళ్ళాలని లేచింది. ఈ పూటకు పని మానెయ్యమన్నాను.

"కామ్ ఛూట్ జాయేగా, దీదీ," అంది, ఉన్న పని పోతుందని.

ఆమె వెంట నేనూ వెళ్ళాను; మా ఎదురింట్లో ఉండే అంకులే తలుపు తీశారు. నీళ్ళోడుతున్న ఆమె సల్వార్ వైపు చూసి, "పహలే పైర్ పోంఛో," అన్నారు.

ఆమె పాపను నా చేతికిచ్చి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.