అంతస్తుకో మెతుకు

విజయనగరంలో కంప్యూటర్ మీద భవనాల నమూనాలు గీసే మా ఆఫీసులో, కోటబొమ్మాళి మనిషి ఒకడు నా పక్క సీటులో ఉండేవాడు. నన్ను బావా అనేవాడు. కిటికీలన్నిటినీ ఒకేసారి మార్చేలా స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం రాసినా, ముందు ఒక్క కిటికీ మీదే నడిపి, మెతుకు నలిపినట్టు రెండు వేళ్లు రుద్దుకుంటూ చూసేవాడు.

ఓ ఆస్పత్రి నమూనాలో ఆ ఒక్క కిటికీ చక్కగా మారింది. "ఇంకేం, అన్నీ మార్చెయ్" అన్నాను.

"ఇదేటి ఒక్క కుండలో కూడేటి బావా? అంతస్తుకో మనిషి గీసినాడు. అంతస్తుకో మెతుకు సూడాల" అని టీకి వెళ్లాడు.

నేను ఆగలేక అతని కంప్యూటర్లోనే మొత్తం మీద నడిపి సేవ్ చేశాను. పై అంతస్తు కిటికీలన్నీ నేలకు దిగిపోయాయి.

నింద అతని మీద పడింది. "ఒక్కదానికే పెట్టినాను, అన్నిటికీ ఎలాగ పాకీసినాది?" అంటూ స్క్రిప్టులో తప్పు వెతికాడు. పక్కన కూర్చుని నేనూ వెతికాను. చివరికి ఉద్యోగం మానేశాడు.

ఇప్పుడు ఇంకోచోట కిటికీలు ఒక్కొక్కటే చేత్తో మారుస్తున్నాడట. మొన్న ఫోన్ చేసి నిజం చెప్పేశాను.

అతను నవ్వాడు. "ఊరుకో బావా, నా కోసం నీ నెత్తినేసుకుంతన్నావు. నువ్వలాటోడివి కావు."