కొట్టి బతికించిన మనిషి

మా నాచారం వీధిలో అందరూ కాంపౌండరు బాబాయి అని పిలిచే పెద్దాయన పోయిన వారం కన్నుమూశారు. పొద్దున దీపం పెట్టి లేచేసరికి తమ్ముడు గుమ్మంలో నిలబడి చెప్పాడు. పశువుల దవాఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఆత్మశాంతి కోరే ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఆయన్ను నేను చాలా రోజులు నమ్మలేదు.

కారణం ఉంది. మా కుక్క మొరుగుతోందని గోడ మీంచి రోజూ గొడవే. "ఏందమ్మా, మీ ఇంట్ల ఉన్నది కుక్కా, మైకా?" అనేవారు. అలాంటి మనిషి, దానికి నిమోనియా అని తెలియగానే గేటు తెరుచుకుని తానే వచ్చారు. ఉప్పల్‌లో డాక్టరు రాసిన సూదిమందులు తాను వేస్తానన్నారు. తమ్ముడు సంబరపడ్డాడు. నాకు మనసొప్పలేదు. పిలవకుండా ఎందుకొచ్చారు? మందు సీసాను వెలుతురుకు పెట్టి అంతసేపు ఏం చూస్తారు? సూది వేసిన ప్రతిసారీ పక్కనే నిలబడి కనిపెట్టుకుని ఉండేదాన్ని.

మూడో రోజు, తమ్ముడు చర్లపల్లికి డ్యూటీకి వెళ్లాక, బాబాయి బాత్‌రూంలో వేడినీళ్లు పట్టించి, కుక్కను లోపలికి తీసుకెళ్లి తలుపు వేసుకున్నారు. కాసేపటికి టప్, టప్ అని చప్పుడు. నా వేళ్ల మధ్య జపమాల ఆగిపోయింది.

"బాబాయిగారూ, ఏంటా చప్పుడు?"

"కొడుతున్న, బిడ్డా."

"అయ్యో, ఎందుకండీ?"

"కొట్టకపోతె కఫం ఎట్ల ఊడుతది? నువ్వు జపం జేసుకో, నన్ను గిది జెయ్యనీ."

తలుపు తోసేశాను. ఆవిరి నిండిన గదిలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, కుక్క తలను మోకాలికి ఆనించుకుని, గుంటగా మడిచిన అరచేత్తో పక్కటెముకల మీద తడుతున్నారు. అది దగ్గి, కాస్త తేటగా ఊపిరి తీసుకుంది.

నన్ను చూసి కోప్పడలేదు. "రా, నువ్వు గూడ కొట్టు. తీర్థం పట్టినట్టు పెట్టు చెయ్యి. ఆఁ, ఇగ బోర్లించు." నా చెయ్యి వణికింది. "గుళ్లె వణకదు గద, ఈడెందుకు?" అని నవ్వారు. ఆనాటి నుంచి పూటపూటా నా చేతే కొట్టించారు.

ఆ గదిలోనే ఒకసారి మెల్లగా అడిగారు. "దాని నోట్ల ఏమన్న పోసినవా, బిడ్డా?"

పోశాను. తిండి మానేసిందని, చిన్నప్పుడు తమ్ముడికి ఉగ్గు పోసినట్టే, మూతి పైకెత్తి పట్టుకుని గంజి పోశాను. ఆ గంజే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెచ్చిందని అప్పుడు అర్థమైంది. "తమ్ముడికి చెప్పకండి" అన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. దాంతో కొత్త అనుమానం పట్టుకుంది. వాళ్లిద్దరూ గేటు దగ్గర మాట్లాడుకుంటే చాలు, వంటగది కిటికీ దగ్గరికి చేరేదాన్ని. చెవిన పడేది ఎప్పుడూ క్రికెట్టే.

కుక్క తనంతట తాను పెరుగన్నం తిన్న రోజు, "ఇగ మల్ల షురూ జేస్తది మైకు" అని విసుక్కుంటూ వెళ్లిపోయారు.

అంత్యక్రియల నుంచి వచ్చాక, ఉండబట్టలేక తమ్ముడికి గంజి సంగతి చెప్పేశాను.

"తెలుసక్కా" అన్నాడు. "దాని మెడ కింద ఎండిన గంజి చూసి బాబాయి మొదటి రోజే పసిగట్టారు. ‘అక్క ముందల ఈ మాట ఎత్తకు. ఆమె చేతులతోనే బాగుజేపిద్దాం’ అన్నారు."

మా ఇద్దరి మధ్య కుక్క ఒత్తిగిలి నిద్రపోతోంది. దాని పక్కటెముకలు నిదానంగా లేస్తున్నాయి, దిగుతున్నాయి.